తలకిందులు చేసిన గొలుసు

నా రాతలో ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే చదివేవాళ్ళు సర్దుకోవాలి. తల నెరిశాక పలక పట్టినదాన్ని. ఒక పేజీ నింపడానికి నాకు ఒక పూట పడుతుంది, అందులో సగం కొట్టివేతలకే పోతుంది. పార పట్టిన చేతికి కలం మరీ తేలిక. తేలికైనది కాబట్టే జారిపోతూ ఉంటుంది.

మా పఠనాలయానికి వచ్చేవాళ్ళందరూ ఒకటే అడుగుతున్నారు. నల్లబల్ల మీద రెండు మేకులకు వేలాడే ఆ సన్నటి గొలుసేమిటి, దాని నడుముకు తాళంచెవుల గుత్తి ఎందుకు, అటూ ఇటూ ఆ కాగితం క్లిప్పులెందుకు అని. గ్రంథపాలకుడు చెప్పి చెప్పి విసిగి, "సున్నమ్మా, నువ్వే రాసి పెట్టు. పక్కన అంటిస్తాను, నా నోరు బతుకుతుంది" అన్నాడు. సున్నమ్మ అంటే నేనే. ఇళ్ళు కట్టే ముఠాలో నా పని సున్నం, ఇసుక కలపడం. పెళ్ళయిన నాటి నుంచీ అదే పని.

మా ఆయన తాపీమేస్త్రి. ఆయన అన్నగారు, అంటే మా బావగారు, ముఠాకి పెద్దమేస్త్రి. గోడ వాలు చూసే రసమట్టం ఎప్పుడూ చంకలో పెట్టుకునే తిరుగుతారు కాబట్టి ముఠాలో అందరూ ఆయన్ను చాటుగా మట్టంగారు అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు.

మా ముఠాకి రెండు కట్టుబాట్లు ఉండేవి. కమాను కట్టేటప్పుడు ఇటుకలు జారకుండా కింద చెక్కతో వంపు చేసి, గుంజలు ఆనిస్తాం. దాన్నే సెంట్రింగు అంటాం. అది విప్పే రోజున, ఆ వంపు ఎవరు గీశారో వాళ్ళు దాని కింద నిలబడాలి. "నిలుస్తుందని నోటితో చెప్పడం కాదురా, నెత్తితో చెప్పాలి" అనేవారట మా మామగారు. రెండోది బిగింపు రాయి. విప్పే ముందు కమాను నడినెత్తిన ఒక బరువైన రాయి ఎక్కిస్తాం. ఆ బరువుకు ఇటుకలన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని బిగుసుకుంటాయని నమ్మకం. చిన్న కిటికీలకూ, మందపాటి గుమ్మాలకూ ఎన్నింటికో పెట్టాం. ఏనాడూ ఏమీ కాలేదు.

తరువాత ఒక గోదాము గుమ్మం వచ్చింది. వెడల్పు ఎక్కువ, ఇటుక మందం తక్కువ. మా ఆయన కర్రకు తాడు కట్టి, తిప్పి, చక్కటి అర్ధచంద్రం గీశారు. వంక పెట్టడానికి లేదు. విప్పే రోజున కింద నిలబడి, నా వైపు చూసి నవ్వారు. ఆ నవ్వు తరువాత నేను చూసింది దుమ్మే.

మా ఆయన్ను మింగిన ఆ కమాను ఎందుకు పడిందో ఎవరికీ తెలియలేదు. తెలియనప్పుడు మనుషులు ఊరుకోరు కదా, ఏదో ఒకటి తెలుసుకుంటారు. "సున్నం పలచనయి ఉంటుంది" అన్నారు. సున్నం కలిపింది నేను. బావగారు మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు, పని మాన్పించలేదు. కానీ ఆనాటి నుంచి నేను కలిపిన ప్రతి తొట్టి దగ్గరా ఆగి, చిటికెడు సున్నం తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసి, తలాడించి వెళ్ళేవారు. అందరి ముందూ. ఏళ్ళ తరబడి. నోటితో అంటే తిరిగి ఏదైనా అనేదాన్ని. ఆ వేళ్ళకు ఏమని జవాబు చెప్పను?

నా కూతురు అప్పటికి అంకెలు దిద్దుకునే పిల్ల. పెరిగి లెక్కలు చదువుకుని, ఆడపిల్లల బడిలో లెక్కలే చెబుతోంది. నాకు అక్షరాలు నేర్పింది అదే, ఈ పఠనాలయంలోనే, ఆ మూలనున్న బల్ల దగ్గర.

ఈ పఠనాలయానికి ముందు పెద్ద ద్వారం కావాలనుకున్నారు. పుస్తకాల వ్యాను లోపలికి రావాలి, కాబట్టి వెడల్పుగా ఉండాలి. ఇనుము లేకుండా, ఒంటి ఇటుక మందంతో కమాను వేయమన్నాడు పఠనాలయం అధ్యక్షుడు. పని మా ముఠాకి వచ్చింది. మొదటి రోజునే నా కూతురు వాళ్ళ పెదనాన్నతో పేచీ పెట్టుకుంది.

"పెదనాన్నా, అర్ధచంద్రం వద్దు."

"ఎందుకొద్దు? మా నాన్న అలాగే కట్టాడు, మా తాత అలాగే కట్టాడు. నీ లెక్కల మేస్టర్లు కూడా దానికి వంక పెట్టలేరు."

"పెట్టారు. మూడొందల ఏళ్ళ కిందటే పెట్టారు."

"అవునా? ఇన్నాళ్ళయినా నాకు కబురే పంపలేదే!"

అందరూ నవ్వారు. అది నవ్వలేదు. సంచిలోంచి సన్నటి ఇత్తడి గొలుసు తీసి, రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని ఆయన ముందు వేలాడదీసింది.

"ఇందులో ప్రతి లంకె పక్కదాన్ని లాగగలదు, అంతే. నెట్టడం దానికి చేతకాదు. ఆ లాగుళ్ళన్నీ సరిపోయిన చోట ఈ వంపులో ఆగింది. దీన్ని ఇలాగే బిగించి తలకిందులు చేశామనుకో, ప్రతి లాగుడూ నెట్టుడవుతుంది. ఇటుకకు తట్టుకోవడం తెలిసింది నెట్టుడొక్కటే కదా?"

బావగారు వంగి, గొలుసు వంపును దగ్గరగా చూశారు. 

"ఈ వంపు దగ్గర పెద్ద పెద్దవాళ్ళే బోర్లాపడ్డారు" అంది. "విసిరిన రాయి పోయే దారీ, వేలాడే గొలుసు వంపూ దాదాపు ఒకటే అనుకున్నాడు గెలీలియో అంతటివాడు. పదిహేడేళ్ళవాడు ఒకడు, హైగెన్స్ అని, రెండూ ఒకటి కావని రుజువు చేశాడు. మరి అసలు వంపు ఏదో లెక్క కట్టి చెప్పడానికి ఇంకో నలభై ఏళ్ళకు పైగా పట్టింది. ఈలోగా హుక్ అనే ఆయన, గొలుసును తిరగేస్తే కమాను నిలుస్తుందని పట్టుకున్నాడు. ఎవరైనా కాజేస్తారని భయమేసి, ఆ మాటలో అక్షరాలన్నీ కలగాపులగం చేసి అచ్చు వేయించాడు. ఆయన పోయాక గానీ దాన్ని ఎవరూ విప్పి చెప్పలేదు."

"అసలు సిసలు మేస్త్రి బుద్ధి" అన్నారు బావగారు. "కొలత పక్కవాడికి చెప్పడు."

"నాకు అక్షరాలెప్పుడూ కలగాపులగంగానే కనిపిస్తాయి" అన్నాను నేను. "అయితే నేనేదో కనిపెట్టే ఉంటాను. ఎవరైనా విప్పి చెప్పండర్రా!"

చివరికి ఒప్పుకున్నారు. ముఠాలో బరువులెత్తే గొలుసును పఠనాలయం పొడుగు గోడకు కట్టి, దాని వెంబడి బొగ్గుతో గీత గీశారు. వడ్రంగి ఆ గీతకు సరిగ్గా చెక్క కోసి తిరగేసి నిలబెట్టాడు. ఆ వడ్రంగిని రంపం అని పిలుస్తారు, చేతిలో రంపం కంటే నోటిలోది ఎక్కువ ఆడుతుంది. "ఇదేం కమానండీ, కోడి పెట్టిన గుడ్డుకు కాపలా కట్టినట్టు!" అంటూనే కోశాడు. ఇటుకలు పేర్చారు. సున్నం నేను కలిపాను. బావగారు తొట్టి దగ్గర ఆగి చిటికెడు నలిపి చూశారు.

విప్పే రోజు దగ్గరపడ్డ కొద్దీ నాకు అన్నం సయించలేదు.

"నువ్వు నిలబడనక్కర్లేదు పిల్లా" అన్నారు బావగారు దానితో. "నువ్వు ముఠా మనిషివి కాదు. నీ బదులు నేను నిలబడతాను."

"గీసింది నేను. నాన్న ఎవరినైనా బదులు పెట్టారా?"

నేను ఇంట్లో గట్టిగా అడిగాను, "నీకేమన్నా అయితే నేనెవరికి చెప్పుకోవాలే?" అని.

"అమ్మా, నీ సున్నం పలచన కాదని నువ్వు ఎన్నిసార్లు చెప్పావు? ఎవరు విన్నారు? పఠనాలయం గోడ మీద బొగ్గు గీత ఉంది చూడు, అది చెబితే వింటారు."



ఆ రోజు తెల్లవారుతూనే వాన. పెద్ద వాన కాదు, విడవని వాన. మేము వెళ్ళేసరికి గుంజల మొదళ్ళ దగ్గర నీళ్ళు నిలిచాయి. రంపం ఒక గుంజను కాలితో తట్టి చూపించాడు. నేల మెత్తబడి అది ఒక పక్కకు దిగుతోంది.

"సాయంత్రం దాకా ఆగితే సెంట్రింగు వంకరపోతుంది" అన్నారు బావగారు. "కింద ఆనింది వంకరపోతే పైన కమాను దానంతటదే విరుగుతుంది. ఇప్పుడే విప్పాలి."

అప్పుడే నా కూతురు తలెత్తి చూసింది. కమాను నడినెత్తిన, నిన్న లేని పొడుగాటి నల్లరాయి ఉంది. దాని మీద అధ్యక్షుడి పేరు, కింద ఆయన చదివిన చదువులు.

"పెదనాన్నా, ఏమిటది?"

బావగారి ముఖం వెలిగింది. ఆ వెలుగు నాకిప్పటికీ గుర్తుంది. "నిన్న నువ్వు బడిలో ఉండగా ఎక్కించాం. ఎలాగూ పైన పెట్టాల్సిన రాయే కదా అని, బిగింపు రాయిగా దాన్నే వాడాను. ఇంత బరువైంది మన ముఠా ఏనాడూ పెట్టలేదు. నువ్వు కింద నిలబడతావు కదే, మామూలు రాయి ఎలా పెడతాను?"

దాని ముఖంలో నెత్తురు చుక్క లేదు. పఠనాలయంలోకి పరుగెత్తింది. మేమూ వెనకే వెళ్ళాం. గొడుగు కింద నిలబడ్డ అధ్యక్షుడు, "ఏమిటి, అమ్మాయికి భయమేసిందా?" అన్నాడు. 

నా కూతురు నల్లబల్లకు రెండు మేకులు కొట్టి ఇత్తడి గొలుసు వేలాడదీసింది. గొలుసుకు పైనొకటి, కిందొకటి సుద్దతో రెండు గీతలు గీసింది. "ఈ రెండు గీతల మధ్యదే మన ఇటుక మందం. గొలుసు వీటి మధ్య ఉన్నంతసేపూ కమాను నిలుస్తుంది. పెదనాన్నా, కమాను మొత్తం బరువులో ఆ రాయి ఎన్నో వంతు?"

బావగారు కళ్ళు మూసుకుని, వేళ్ళు మడిచి, "ఆరో వంతు ఉంటుంది" అన్నారు.

అది గొలుసు బరువును చేత్తో అంచనా వేసుకుని, గ్రంథపాలకుడి నడుమున ఉన్న తాళంచెవుల గుత్తి లాక్కుంది. గొలుసులో ఆరో వంతు బరువు మిగిలేదాకా ఒక్కో తాళంచెవీ తీసేస్తూ చేత్తో తూచి, మిగిలిన గుత్తిని గొలుసు నడుమున తగిలించింది.

గొలుసు నడుము కిందికి జారి సుద్దగీత దాటింది. రెండు పక్కలా బిగుసుకుని పై గీతనూ దాటింది. గుండ్రటి వంపు కాస్తా పిల్లలు గీసిన కొండను తిరగేసినట్టయింది.

 బావగారు దగ్గరికి వెళ్ళి, గుత్తిని వేలితో పైకెత్తారు. గొలుసు గీతల మధ్యకు వచ్చింది. వదిలారు. మళ్ళీ బయటికి పోయింది. మరొకసారి ఎత్తి, వదిలారు.

"ఇది బిగించదన్నమాట" అన్నారు. ఆ గొంతు నేను గుర్తుపట్టలేదు. "గోదాముకి కూడా పెట్టాను."

ఎవరూ ఆయన వైపు చూడలేదు. నేనూ చూడలేదు, నేల వైపు చూశాను.

"రాయి దించేద్దాం" అన్నాడు రంపం.

"రాయి ఎత్తిన కప్పీ నిన్ననే పంపించేశాం. ఈ తడి చెక్కల మీద అంత రాయిని చేతులతో కదిలిస్తే మనుషులతో సహా కిందికొస్తుంది" అన్నారు బావగారు. తరువాత నా కూతురి వైపు తిరిగారు. పెద్దమేస్త్రి తిరిగొచ్చాడు ఆయనలోకి. "దించలేం. నిలబెట్టే దారి ఏదన్నా ఉందా, చెప్పు."

అది గ్రంథపాలకుడి బల్ల మీది క్లిప్పుల డబ్బా బోర్లించింది. గొలుసు పక్కల మీద, అటొకటి ఇటొకటి తగిలించడం మొదలుపెట్టింది. క్లిప్పులు పడ్డ కొద్దీ పక్కలు కిందికి దిగాయి, నడుము పైకి లేచింది. ఒక చోట ఎక్కువైతే అక్కడ గొలుసు గీత దాటేది. తీసి ఇంకో చోట తగిలించేది.  రంపం కూడా నోరు మూసుకున్నాడంటే చూసుకోండి.

"ఇంక చాలు, ఆగు" అన్నారు బావగారు. గొలుసు మళ్ళీ రెండు సుద్దగీతల మధ్యకు వచ్చింది. "అంటే పక్కలు నింపాలి. నెత్తిన కాదు, భుజాల మీద."

"అవును పెదనాన్నా. భుజాల మీద."

"అటొకటీ ఇటొకటీ వేశావు. ఒక పక్కే ముందు వేస్తే?"

అది రెండు క్లిప్పులు ఒక పక్కన తగిలించింది. గొలుసు మొత్తం ఆ పక్కకు ఒరిగింది. బావగారు తలాడించి బయటికి నడిచారు.

ఆ పూట మా ముఠా చేసిన పని నా జన్మలో మళ్ళీ చూడలేదు. రెండు వైపులా నిచ్చెనలు, రెండు వైపులా మనుషులు వరసగా. బావగారు నడుమ నిలబడి "వెయ్" అంటే రెండు వైపులా ఒకేసారి ఒక్కో ఇటుక పడాలి. వాన కళ్ళల్లో పడుతోంది. నేను తొట్టి దగ్గర సున్నం తడిసిపోకుండా నా కొంగు కప్పి కలుపుతున్నాను. నా కూతురు పరుగున లోపలికి వెళ్ళి గొలుసు చూసి, పరుగున వచ్చి, "ఎడమ వైపు ఇంకో వరస కిందకి! అక్కడ కాదు, కిందకి!" అని అరుస్తోంది. ఒక మూల గుంజ చప్పుడు చేసి ఇంకాస్త కుంగింది. రంపం దాని కింద చెక్కముక్క దూర్చి, భుజం ఆనించి అలాగే నిలబడిపోయాడు.

"ఇదిగో, నా పేరు కనిపించకుండా ఇటుకలు కట్టేస్తున్నారేమిటి?" అని అరిచాడు అధ్యక్షుడు గొడుగు కింద నుంచి.

"మీ పేరు నిలబడాలా, కనిపించాలా? ఒకటి చెప్పండి" అన్నారు బావగారు, తల తిప్పకుండానే.

భుజాలు నిండాయి. గుంజకు ఆనుకున్న రంపాన్ని తప్ప అందరినీ దూరంగా జరగమన్నారు బావగారు. నా కూతురు తడిసిన జుట్టు వెనక్కి తోసుకుని వెళ్ళి కమాను కింద నిలబడింది. సరిగ్గా నడుమ, ఆ రాయి కింద.

నేను పార పక్కన పెట్టి దాని దగ్గరికి నడిచాను.

"అమ్మా, అవతలికి పో. వంపు గీసినవాళ్ళే నిలబడాలి."

"సున్నం కలిపినవాళ్ళు నిలబడకూడదని కట్టుబాటేమీ లేదు."

"పెదనాన్నా, అమ్మకు చెప్పు!"

బావగారు నా వైపు చూశారు. ఏమన్నా అంటారేమో అనుకున్నాను.  సుత్తి తీసుకుని, నడిమి గుంజ కింది చెక్కను తట్టారు.

గుంజ వదులైంది. పైన ఏదో కిర్రుమంది. నా కూతురు చెయ్యి నా చేతిలో ఉంది, ఎవరిది ఎవరు పట్టుకున్నామో తెలియదు. అటు గుంజ, తరువాత ఇటు గుంజ, కొద్దికొద్దిగా. ఒక్కో దెబ్బకూ సెంట్రింగు వెంట్రుకవాసి కిందికి దిగుతోంది. సున్నపు పొడి రాలి దాని నుదుటి మీద పడింది. ఆ పొడి నాకు తెలుసు, గోదాము దగ్గర కూడా మొదట పొడే రాలింది. నేను కళ్ళు మూసుకోలేదు. ఆ రోజు రెప్ప వేశాను, ఈసారి వేయదలచుకోలేదు.

పెద్దగా టప్‌మని చప్పుడైంది. వెనక ఎవరో కేక వేశారు.

ఇటుక కాదు, చెక్క. తడిసిన చెక్క ఇటుకను వదిలిపెట్టిన చప్పుడు. సెంట్రింగుకూ కమానుకూ మధ్య ఈ కొస నుంచి ఆ కొస దాకా సన్నటి వెలుతురు గీత పడింది. వాన వెలుతురు, తెల్లగా. గోడ మీద బొగ్గుతో గీసిన గీతను తిరగేస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంది ఆ గీత. కమాను ఇక దేని మీదా ఆనలేదు. తన మీద తానే ఆనింది.

"ఊపిరి పీల్చుకోండి, లేకపోతే కమాను నిలబడి మీరు పడతారు" అన్నాడు రంపం, గుంజ కింది నుంచి భుజం తీస్తూ.

నా కూతురు నవ్వింది, వెంటనే ఏడ్చింది. బావగారు కమాను కిందికి వచ్చి, తల మీది గుడ్డ తీసి దాని నుదుటి మీది సున్నం తుడిచారు. తరువాత ఆ గుడ్డ దులిపి మళ్ళీ తలకు చుట్టుకున్నారు, కమాను వైపు చూడకుండా.

గోదాము గురించి ఆయన నాతో ఏమీ మాట్లాడలేదు. నేనూ అడగలేదు. ఆ తరువాత మాకు ఒక ఇంటి గోడల పని వచ్చింది. మొదటి రోజు పొద్దున నేను సున్నం కలిపి, తొట్టి నింపి, అలవాటు ప్రకారం పక్కకు జరిగి నిలబడ్డాను. బావగారు చంకలో రసమట్టంతో వచ్చారు. తొట్టి దగ్గర అడుగు ఆగబోయింది. చెయ్యి కూడా కాస్త లేచింది. ఆ చేత్తో రసమట్టాన్ని సర్దుకుని, "ఏమ్మా, సున్నం అందించు, ఎండ ముదురుతోంది" అని ముందుకు వెళ్ళిపోయారు. మా ముఠాలో బిగింపు రాయి ఇక ఎవరూ ఎక్కించరు.

ద్వారం మీద అధ్యక్షుడి పేరులో నడిమి అక్షరాలు మాత్రమే కనిపిస్తాయి. కొత్తగా చదువుకునేవాళ్ళకు అవి తేలికే, కూడబలుక్కుని చదవొచ్చు. గొలుసును మాత్రం దయచేసి తాకి చూడకండి. గుత్తి కదిలితే మళ్ళీ సర్దాల్సింది నేనే. ఆ క్లిప్పుల్లో ఏది ఎక్కడిదో ఇప్పుడు నాకూ తెలుసు.

ఇట్లు,
సున్నమ్మ, వయసు అరవై నాలుగు. ఉండేది పఠనాలయం వెనక గదిలో, కూతురితో. కిటికీ తెరిస్తే కమాను కనిపిస్తుంది.